పళ్ల కింద పడ్డ గింజ

హైదరాబాద్‌లో నయాపూల్ వంతెన మీద నిలబడి మూసీ నది ఎగువకు చూస్తే ఎడమచేతి వైపు హైకోర్టు, కుడిచేతి వైపు ఉస్మానియా ఆసుపత్రి. రెండింటి నిర్మాణంలోనూ వాస్తుశిల్పి విన్సెంట్ ఎష్ చెయ్యి ఉంది. రెండూ 1908 వరద తర్వాత మూసీ ఒడ్డు రూపురేఖలు మారినప్పుడు లేచినవే. కాసేపు గుమ్మటాలను వదిలేసి పాత గోడల పగుళ్లు చూడండి. ఈ చుట్టుపక్కల పాతగోడ అన్నచోటల్లా ఒక రావిమొక్క ఉంటుంది. పిట్టగోడ అంచున మర్రి, రాళ్ల సందులో మేడి. కొట్టేస్తే మళ్లీ మొలుస్తాయి. మట్టి లేదు, నీరు పోసేవాళ్లు లేరు, నాటినవాళ్లు అసలే లేరు.

నాటినవాళ్లు లేరనడం తప్పు. కాకి, గోరింక, కోకిల, రాత్రిపూట గబ్బిలం పండు తిని, మెత్తటి గుజ్జు అరిగించుకుని, ఆవగింజ కన్నా చిన్న విత్తనాలను రెట్టతో సహా గోడకు అంటించి పోయాయి. పాతబస్తీ జనం ప్రేమగా జొన్నలు చల్లి మేపే పావురాలకు మాత్రం ఈ పుణ్యంలో వాటా లేదు. పావురం గింజను మింగితే దాని కందనకాయలోని రాళ్లు పిండి చేసేస్తాయి. అది గింజను తినే పక్షి, మోసే పక్షి కాదు.

తినడానికీ మోయడానికీ మధ్య ఉన్న ఈ తేడాయే ఈ అధ్యాయానికి విషయం. అయితే పక్షులతో కాదు. వంతెన కింద, నది గట్టు రాళ్ల మధ్య, అఫ్జల్‌గంజ్ నుంచి బేగంబజార్ దాకా గోదాముల నేలల కింద రాత్రిపూట తిరిగే వాళ్లతో. ఎలుకలు, పందికొక్కులు, పగలు చెట్ల మీద గోల చేసే ఉడతలు. ఉష్ణమండల అడవుల్లో పెద్ద గింజల చెట్లను నాటే పని చాలాచోట్ల వీటి బంధువులదే. పావురం కందనకాయతో చేసే పనినే ఎలుక పళ్లతో చేస్తుంది. అయినా ఒకచోట అడవి మొలుస్తుంది, ఒకచోట మొలవదు. ఎందుకని?

ముందు చెట్టు వైపు నుంచి చూద్దాం. ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలో, నదికి దగ్గరగా ఒక చింతచెట్టు ఉంది. హైదరాబాద్ చరిత్రలో దానికి ఒక మనిషికున్నంత పేరుంది. 1908 సెప్టెంబర్ 28న మూసీ పొంగినప్పుడు దాని కొమ్మలెక్కి దాదాపు 150 మంది బతికారు. ఆ వరదలో సుమారు 15 వేల మంది చనిపోయారని అంచనా. ఉర్దూ కవి అమ్జద్ హైదరాబాదీ తల్లినీ భార్యనీ కూతురినీ ఆ నీళ్లలోనే పోగొట్టుకున్నాడు. ఏటా సెప్టెంబర్ 28న కొందరు నగరవాసులు ఆ చెట్టు కింద చేరి మృతులను తలుచుకుంటారు. వృక్షశాస్త్రం చదివినవాడు ఆ చెట్టు కింద నిలబడితే ఇంకో ప్రశ్న కూడా వేసుకుంటాడు: ఈ గింజ ఇక్కడికి ఎవరు తెచ్చారు?

చింత పుట్టిల్లు ఆఫ్రికా. దాని కాయ పెసరకాయలాగా పగిలి గింజలను విసరదు. గింజకు రెక్కలు లేవు, గాలికి ఎగరదు. నల్లటి గట్టి గింజ చుట్టూ పులుపూ తీపీ కలిసిన గుజ్జు పెట్టి, ఎవరో ఒకరు వచ్చి తిని గింజను దూరంగా వదిలేస్తారని ఎదురుచూసే చెట్టు అది. కోతులు, కొండముచ్చులు, ఏనుగులు ఆ పని చేస్తాయి. మన దేశంలో అన్నిటికన్నా ఎక్కువ చేసింది మనిషే. ఎవరూ రాకపోతే కాయ తల్లిచెట్టు కిందే పడుతుంది. ఆ తర్వాతి కథ పల్లెల్లో చింతతోపు ఉన్నవాళ్లకు తెలుసు. నిలవున్న చింతగింజలకు సన్నటి బెజ్జాలు కనిపిస్తాయి. కారియెడాన్ అనే పురుగు చేసిన పని అది. వేరుశనగకు పట్టే పురుగూ అదే.

తల్లిచెట్టు నీడ బిడ్డకు మంచిది కాదని 1970లో డేనియల్ జాన్జెన్, 1971లో జోసెఫ్ కానెల్ విడివిడిగా ప్రతిపాదించారు. ఒక జాతి గింజలను తినే పురుగులు, మొలకలను చంపే బూజులు ఆ జాతి చెట్టు చుట్టూనే కాపు వేసి ఉంటాయి. గింజ ఎంత దూరం పోతే వాటి కంట పడకుండా బతికే అవకాశం అంత ఎక్కువ. ఉష్ణమండల అడవిలో ఒక్కో ఎకరంలో అన్ని రకాల చెట్లు కలగలిసి ఉండటానికి ఇదొక ముఖ్య కారణమని ఇప్పటికీ శాస్త్రజ్ఞులు భావిస్తారు. కాబట్టి చెట్టుకు కావలసింది రవాణా. వానలు బాగా పడే ఉష్ణమండల అడవుల్లో చాలాచోట్ల నూటికి డెబ్భై నుంచి తొంభై జాతుల చెట్లు ఆ రవాణాను జంతువులకే అప్పగించాయి. చిన్న గింజలకు పక్షులూ గబ్బిలాలూ దొరుకుతాయి. చింతగింజంత, ఇంకా పెద్దవి, లోపల నూనె, పిండి నిండుగా ఉన్నవి ఎవరి నోట్లో పడాలి?

కొరికే జాతి నోట్లో. భూమ్మీద ఉన్న పాలిచ్చే జంతువుల జాతుల్లో ప్రతి పదింటిలో నాలుగు ఈ వర్గానివే. ఉడత, ఎలుక, ముళ్లపంది, మధ్య, దక్షిణ అమెరికా అడవుల ఆగౌటీ అన్నీ ఇందులోవే. వీటి ముందుపళ్లు జీవితాంతం పెరుగుతూనే ఉంటాయి. పంటి ముందువైపు మాత్రమే గట్టి పింగాణీ పూత ఉంటుంది, వెనక భాగం త్వరగా అరుగుతుంది, కాబట్టి పన్ను ఎప్పుడూ ఉలిలా పదునుగా ఉంటుంది. మన ఇళ్లలో కంపు కొడుతూ గోడవార పరుగెత్తే చుంచెలుక పేరుకే ఎలుక. దానికి ఈ పళ్లు లేవు, అది పురుగులు తినే వేరే కుటుంబం. కొత్తపేటలోనో కోఠీలోనో దాన్ని చూసి ఎలుకల మీద కోపం తెచ్చుకుంటే అది ఎలుకలకు అన్యాయమే.

ఇలాంటి పళ్లున్న జంతువుకు గింజ దొరికితే ఏమవుతుంది? మామూలుగా తినేస్తుంది. అక్కడితో ఆ చెట్టు కథ అయిపోతుంది. ఈ మాట ముందే చెప్పుకోవాలి, ఎందుకంటే ప్రకృతి గురించి రాసే మనకు జంతువులన్నీ చెట్లకు సేవ చేస్తున్నట్టు చూపించే సరదా ఉంది. అడవిలో ఎలుకలు గింజలకు మొట్టమొదట శత్రువులు. అయితే పళ్లు కాసే కాలంలో గింజలు కడుపు పట్టనంతగా రాలతాయి. అప్పుడవి దాచుకుంటాయి. దాచే పద్ధతిని బట్టి శత్రువు నాటేవాడు అవుతాడు, లేదా శత్రువుగానే ఉండిపోతాడు.

మొదటి పద్ధతి ఆంధ్ర రైతులకు బాగా తెలుసు. వరి కోతల ముందు చిన్నరకం పందికొక్కు వెన్నులను కొరికి, కలుగులోకి లాక్కుపోయి, లోపల ఒక గదిలో పేర్చుకుంటుంది. కోస్తా జిల్లాల్లో యానాదులకు ఈ కలుగుల పటం చేతివేళ్ల మీద ఉంటుంది. ఏది వాడుకలో ఉన్న బెజ్జమో, ఏది తప్పించుకునే దారో మట్టి చూసి చెప్పగలరు. పొగబెట్టి ఎలుకను పట్టి, కలుగు తవ్వి, దాచిన వడ్లు బయటికి తీసేవాళ్లు. రైతుకు ఎలుక పోయేది, యానాది ఇంటికి వడ్లు వచ్చేవి. ఆ వడ్లు తవ్వి తీయకపోయినా పంట మొలిచేది కాదు. అంత లోతున, అంత కుప్పగా దాచిన గింజ మొలక పైకి రాలేదు, కుళ్లిపోతుంది. ఒకే గోదాములో అంతా దాచేవాడు అడవిని నాటలేడు. బేగంబజార్ పందికొక్కుదీ అదే దారి. అది దాచే పని కూడా పెద్దగా పెట్టుకోనక్కర్లేదు, ఏడాది పొడుగునా బస్తాలు నిండే ఉంటాయి, చెత్తకుప్పలు అంతకన్నా నిండుగా ఉంటాయి. కరువు కాలం లేనివాడు రేపటి కోసం గుంట తవ్వడు.

రెండో పద్ధతిలో గోదాము ఉండదు. ఒక్కో గింజను ఒక్కోచోట, అంగుళం రెండంగుళాల లోతున పాతిపెట్టి, పైన ఆకులు కప్పి, ఇంకో గింజ కోసం వెళ్లిపోవడం. ఒక దొంగ ఒక గుంట కనిపెట్టినా మిగతావి క్షేమం, ఆస్తిని పదిచోట్ల పెట్టే పెద్దమనుషుల తెలివి ఇది. ఆ లోతు, ఆ తేమ, ఆకుల కప్పు, పక్కన పోటీకి ఇంకో గింజ లేకపోవడం, తోటమాలి కూడా ఇంతకన్నా బాగా నాటలేడు. పాతినవాడు తిరిగి రాకపోతే చాలు. ఏ పిల్లో పామో పట్టుకుపోవచ్చు, వాన పడి వాసన చెదిరిపోవచ్చు, లేదా ఆ ఏడు అంతకన్నా మంచి తిండి దొరకవచ్చు.

ఈ పద్ధతి మీద ఇప్పటిదాకా వచ్చిన పరిశోధనల్లో నాకు అన్నిటికన్నా నచ్చింది పనామాలో జరిగింది. అక్కడ పనామా కాలువ కోసం చాగ్రెస్ నదికి ఆనకట్ట వేసినప్పుడు, 1914 నాటికి, ఒక కొండ చుట్టూ నీళ్లు చేరి బారో కొలరాడో అనే దీవి అయింది. మూసీ వరదను ఆపడానికి మనవాళ్లు గండిపేట కట్టింది 1920లో. ఇంచుమించు ఒకే కాలంలో రెండు నదులను మనుషులు ఆపారు, ఒకచోట నగరానికి తాగునీరు వచ్చింది, ఇంకోచోట ప్రపంచంలో అన్నిటికన్నా ఎక్కువగా అధ్యయనం చేసిన ఉష్ణమండల అడవుల్లో ఒకటి వచ్చింది. ఆ దీవిలో పెద్ద కుందేలంత, పొడవాటి కాళ్ల ఆగౌటీలు ఉంటాయి. ఆస్ట్రోకేరియం అనే ముళ్ల తాటిజాతి చెట్టు గింజలంటే వాటికి ప్రాణం.

పాట్రిక్ జాన్సెన్ బృందం ఆ గింజలకు చిన్న రేడియో పరికరాలు కట్టి వదిలింది. గింజ కదిలితే పరికరం సంకేతం పంపుతుంది. పాతిన గుంటల ముందు కెమెరాలు పెట్టారు. 2012లో ఫలితాలు వచ్చాయి. ఆగౌటీ గింజను మొదట దగ్గర్లోనే పాతింది. అంతవరకూ అందరూ ఊహించిందే. తర్వాత ఆగౌటీలే దాన్ని తవ్వి తీశాయి, కానీ తినలేదు, కొంచెం దూరంలో మళ్లీ పాతాయి. మళ్లీ తీశాయి, మళ్లీ పాతాయి. వామనగుంటల ఆటలో చింతగింజలు ఒక గుంట నుంచి తీసి తర్వాతి గుంటల్లో వేసుకుంటూ పోయినట్టు గింజ అడవంతా నడిచింది. ఒక గింజ అలా 36 సార్లు గుంట మారింది. మొత్తం 749 మీటర్లు తిరిగి, మొదలుపెట్టిన చోటికి 280 మీటర్ల అవతల తేలింది. ఆఖరికి ఒక ఆగౌటీ దాన్ని తవ్వుకుని తినేసింది.

తినేసిందని నిరాశ పడకండి. గింజల్లో దాదాపు 35 శాతం వంద మీటర్లు దాటి పోయాయని ఆ బృందం అంచనా. పాతిన వాటిలో 14 శాతం మరుసటి ఏడు కొత్త పంట వచ్చేదాకా బతికి ఉన్నాయి. ఏడాదికి వందల కాయలు కాసే, దశాబ్దాల తరబడి బతికే చెట్టుకు తన బదులు ఒక్క బిడ్డ నిలబడితే చాలు. ఆ లెక్కన 14 శాతం పెద్ద లాభం.

గింజ ఎందుకు అంత నడిచింది? కెమెరాల్లో కనిపించింది ఇదీ: చాలాసార్లు పాతినవాడూ తవ్వినవాడూ ఒకరు కాదు. పొరుగువాడి గుంట కనిపెట్టి దోచుకున్న ఆగౌటీ, అక్కడే తింటే దొరికిపోతానన్నట్టు, తనదైన చోటికి మోసుకుపోయి దాచింది. దాన్ని ఇంకొకడు దోచాడు. ఒక్క జంతువు జాగ్రత్తగా దాచుకుని, జాగ్రత్తగా తిని ఉంటే ఆ అడవిలో ఆ చెట్టు తల్లి కాళ్ల దగ్గరే ఆగిపోయేది. దొంగతనమే దాన్ని దూరం పంపింది. అదే ఏడు అదే దీవిలో బెన్ హిర్ష్ తదితరులు ఇంకో సంగతి చూపించారు. ఆగౌటీలు గింజలను అదే జాతి చెట్లు తక్కువగా ఉన్న వైపుకే ఎక్కువగా మోస్తాయి, అక్కడ దోచేవాళ్లు తక్కువ కాబట్టి. జాన్జెన్, కానెల్ చెప్పిన క్షేమమైన చోటూ అదే. ఆగౌటీకి అది తెలియదు. తన ఆస్తి కాపాడుకోవడమే దానికి తెలుసు.

ఆ తాటి గింజ అంత పెద్దగా ఉండటం వెనక ఇంకా పాత కథ ఉంది. ఏనుగుల దూరపు బంధువులైన గోంఫోథేర్లు అమెరికా ఖండాల్లో పది వేల ఏళ్ల కిందటిదాకా తిరిగేవి. కొన్ని పెద్ద కాయలు వాటి నోటికోసమే తయారైనట్టున్నాయని జాన్జెన్, పాల్ మార్టిన్ 1982లో రాశారు. మరి మింగేవాళ్లు పోయాక అన్ని వేల ఏళ్లు ఆ చెట్లు ఎలా నిలబడ్డాయి? పనామా ఫలితం దానికి ఒక జవాబు ఇచ్చింది. ఏనుగంత జంతువు ఒక్క రోజులో చేసిన ప్రయాణాన్ని చిన్న దొంగలు చేతులు మార్చుకుంటూ పూర్తి చేశారు.

దొంగలు తమ సొమ్మును ఎలా కాపాడుకుంటారో కూడా చూడాలి. గింజ మొలకెత్తితే తిండి తగ్గిపోతుంది. ఫ్రెంచి గయానా అడవిలో ఆగౌటీకి తమ్ముడి వరసైన అకూషీ మొలక వచ్చిన గింజను తవ్వి, మొలకను కొరికేసి, గింజను తిరిగి పాతిపెడుతుంది. పప్పు నెలల తరబడి పాడవకుండా ఉంటుంది. అమెరికా ఓక్ అడవుల్లో బూడిదరంగు ఉడతలు గింజ మొనలోని అంకురాన్నే కొరికి తీసేస్తాయి. ఇవి విన్న తర్వాత కూడా ఎవరైనా ఎలుకలు అడవి మేలు కోరి నాటుతున్నాయంటే నేను ఒప్పుకోను. మన రామాయణ గాథలో ఉడత ఇసుక మోసి వీపున చారలు సంపాదించుకుంది. ఉడతాభక్తి అనే మాట మనకు అక్కడినుంచే వచ్చింది. అడవిలో ఉడత చేసే సాయంలో భక్తి పాలు సున్నా. అయినా వారధి మాత్రం కడుతోంది.

బేగంబజార్ డ్రైఫ్రూట్ దుకాణాల్లో ఈ మధ్య బ్రెజిల్ నట్స్ అమ్ముతున్నారు. ఒక్కో పలుకూ మన చిటికెన వేలంత. అమెజాన్ అడవిలో ఆ చెట్టు కాయ చిన్న కొబ్బరికాయంత, పైపెంకు కర్రలా గట్టిది, లోపల పది నుంచి పాతిక దాకా పలుకులు. కాయ కింద పడినా పగలదు. అడవిలో దాన్ని కొరికి తెరవగలిగేది ప్రధానంగా ఆగౌటీయే. కొన్ని పలుకులు తిని మిగిలినవి పాతిపెడుతుంది. మనుషులు ఇనపకత్తితో తెరుస్తారు, కానీ పాతిపెట్టరు. బ్రెజిల్, పెరూ, బొలీవియాల్లో 23 చోట్ల ఈ చెట్లను లెక్కపెట్టి 2003లో సైన్స్ పత్రికలో ప్రచురించారు. తరతరాలుగా విపరీతంగా గింజలు ఏరిన చోట్ల ముసలి చెట్లే మిగిలాయి, పిల్ల చెట్లు దాదాపు లేవు. ఏరడం తక్కువగా ఉన్నచోట అన్ని వయసుల చెట్లూ ఉన్నాయి. అదే దుకాణంలో పక్క డబ్బాలో ఉండే సారపప్పు గురించి కూడా ఇలాగే ఆలోచించాలి. అది మన అడవుల్లోని మొర్రిచెట్టు గింజ లోపలి పప్పు. చెంచులూ గోండులూ మొర్రిపళ్లు తిని, గింజలు పోగుచేసి సంతల్లో అమ్ముతారు. పూర్వం వాళ్లు తిన్న పండుతో గింజ అడవిలోనే ఎక్కడో పడేది. ఇప్పుడు పాయసంలోకి పోతోంది.

ఇక మన అడవి. నల్లమల పనామా కాదు. ఆకురాల్చే ఎండు అడవుల్లో గాలికి దక్కే వాటా ఎక్కువ. నల్లమద్ది, వేగిస, రాయలసీమ ఎర్రచందనం కాయలకు రెక్కలుంటాయి. వేసవి సుడిగాలి వాటికి చాలు. గుజ్జు ఉన్న పళ్లను మోసేవాళ్లు వేరు. తునికి, రేల, రేగు గింజలను ఎలుగుబంటి పేడలో చూడవచ్చు. రేగును నక్క కూడా మోస్తుంది. ఆగౌటీలా ఒక్కో గింజను నేలలో పాతే పెద్ద ఎలుక మన అడవుల్లో లేదు. ఉన్నవాళ్లలో అందరికన్నా అందగత్తె బెట్టుడత. తోకతో కలిపి మీటరు దాకా ఉంటుంది, నల్లమలలో, శేషాచలంలో, పాపికొండల్లో చెట్టు మీంచి చెట్టుకు దూకుతుంది, నేలకు దిగడం అరుదు. అది గింజను నమిలి తినేసేదే. కానీ తిండి తినడంలో దుబారా మనిషి. కొమ్మ మీద కూర్చుని సగం తిని సగం వదిలేస్తుంది. కింద దుప్పులు కాచుకుని ఉంటాయి. మన పెరటి చారల ఉడత కూడా చాలావరకు ఆ బాపతే. పండును పట్టుకుని నాలుగు చెట్ల అవతలికి పోయి తిని, జారవిడుస్తుంది. వేపకు, జామకు ఆ నాలుగు చెట్ల దూరమే లాభం. ముళ్లపంది వేళ్లు తవ్వుతుంది, బెరడు ఒలుస్తుంది, దాన్ని చెట్ల మిత్రుల జాబితాలో వేయడం కష్టం.

మన ఎండు అడవుల్లో ఎలుక పాత్ర ఎలా ఉంటుందో ఉసిరి చక్కగా చూపిస్తుంది. ఉత్తరాఖండ్‌లోని రాజాజీ ఉద్యానంలో ఉసిరిపళ్లు ఎవరు తింటున్నారో పరిశీలించి 2004లో కరెంట్ సైన్స్ పత్రికలో ప్రచురించారు. చుక్కల దుప్పి, మొరిగే జింక, కొండముచ్చు, వీటితో పాటు జెర్బిల్ అనే మెట్టభూముల ఎలుక. దుప్పి ఉసిరికాయను గబగబా మింగి, నీడపట్టున కూర్చుని నెమరువేస్తూ గట్టి టెంకను ఉమ్మేస్తుంది. టెంక ఎండి పగిలి లోపలి చిన్న గింజలు బయటపడతాయి. అంటే మోసే పని దుప్పిది. ఎలుక ఆ తర్వాత వచ్చి పన్ను వసూలు చేస్తుంది. పనామాలో బండి నడిపేవాడు ఇక్కడ టోల్‌గేటు దగ్గర నిలబడ్డాడు.

అందుకే నయాపూల్‌కు కొద్ది కిలోమీటర్ల దూరంలో, బహదూర్‌పురాలోని నెహ్రూ జంతుప్రదర్శనశాలలో జరిగిన ఒక పని నాకు ముఖ్యంగా తోస్తుంది. మూషిక జింక మూడు కిలోలు తూగే, చుక్కల చారల, పిరికి జంతువు. పేరులో మూషికం ఉన్నా ఎలుక కాదు, గిట్టల జంతువు. రాలిన పళ్లు ఏరుకుని తింటుంది. దక్షిణ అమెరికాలో ఆగౌటీ ఉన్న కొలువులో పాత ప్రపంచపు అడవుల్లో మూషిక జింక బంధువులున్నారని జీవశాస్త్రజ్ఞులు ఎప్పటినుంచో పోలుస్తూ వస్తున్నారు. జూ, సీసీఎంబీకి చెందిన లాకోన్స్ పరిశోధన కేంద్రం, అటవీశాఖ కలిసి 2010లో వీటి సంతతి పెంచడం మొదలుపెట్టి, 2017లో అమ్రాబాద్ పులుల అభయారణ్యంలో మొదటి జట్టును వదిలాయి. పులి గురించి పేపర్లలో పేజీలు వస్తాయి. రాలిన పండు తినే మూడు కిలోల జంతువు గురించి నాలుగు వరుసలు వస్తాయి. అడవి రేపటి చెట్ల సంగతి అడిగితే నేను ఆ నాలుగు వరుసలే ముందు చదువుతాను.

పెద్ద జంతువులు పోతే ఎలుకలు వాటి పని అందుకుంటాయని పనామా కథ విని ధీమా పడకూడదు. కెన్యాలోని మ్పాలాలో కంచెలు వేసి ఏనుగులు, జిరాఫీలు, జీబ్రాలు రాకుండా చేసినప్పుడు పరిశోధకురాలు ఫెలీషియా కీసింగ్ గమనించింది ఏమిటంటే, లోపల ఒక జాతి ఎలుకల సంఖ్య రెట్టింపయింది. గడ్డి తినేవాళ్లు లేకపోతే గడ్డి పెరిగింది, గడ్డితో పాటు ఎలుకకు తిండీ దాపూ పెరిగాయి. ఎలుకలు మితంగా ఉంటే కొన్ని గింజలు మిగులుతాయి, మితిమీరితే గింజ మిగలదు. ఎలుకను తినే పిల్లి, పాము, గుడ్లగూబ కూడా అందుకే చెట్లు నాటేవాళ్ల లెక్కలోకి వస్తాయి. చిత్తూరు జిల్లాకు దాదాపు రెండు వందల ఏళ్ల తర్వాత 1980లలో ఏనుగులు తిరిగి వచ్చాయి, వాటికోసం 1990లో కౌండిన్య అభయారణ్యం ఏర్పడింది. పొలాల మీద పడి రైతును ఏడిపిస్తున్న మాట నిజమే. పెద్ద కాయను మింగి మైళ్ల దూరం మోయగల నోరు ఆ అడవికి మళ్లీ దొరికిన మాటా నిజమే.

నయాపూల్ దగ్గర ఎలుకలు చెట్లను నాటకపోవడం వాటి తప్పు కాదు. తిండి తరగదు కాబట్టి పాతే అవసరం లేదు. పాతినా నేలంతా సిమెంటు, గచ్చు. ఇక్కడ మొలిచే రావి, మర్రి గింజలు దాచుకునేంత విలువైనవీ కావు. అందుకే ఈ వంతెన చుట్టూ చెట్టు అంటే కాకిది, గబ్బిలానిది, లేదా మనిషిది. ఎలుకకు ఇక్కడ మిగిలింది మన గోదాము.

ఇది చదివే డిగ్రీ విద్యార్థులు ఉంటే వాళ్లకు ఒక పని. దీనికి రేడియో పరికరాలు అక్కర్లేదు. చెట్లున్న మీ క్యాంపస్‌లోనో, అనుమతి తీసుకుని ఊరి పక్క అడవిలోనో, వంద గింజలు తీసుకోండి. ఒక్కోదానికి సన్న బెజ్జం పెట్టి, జానెడు దారం కట్టి, దారం చివర నంబరు వేసిన రంగు ప్లాస్టిక్ ముక్క తగిలించండి. చెట్టు కింద సాయంత్రం పెట్టి మర్నాడు పొద్దున్నే వెతకండి. పాతిన గింజ దారం నేలమీద బయటికి కనిపిస్తుంది. దూరం టేపుతో కొలవండి. గింజలను ఉత్తచేతులతో ముట్టుకోవద్దు. మనిషి వాసనకు ఎలుక తీరు మారవచ్చు, ఎలుక మూత్రం నుంచి మనకు లెప్టోస్పైరోసిస్ రావచ్చు, గ్లోవ్స్ రెండు పక్షాలకూ మంచివి. వానాకాలం ముందొకసారి, తర్వాతొకసారి చేయండి. లెక్క రాసేటప్పుడు అక్కడే తినేసిన గింజలను, మోసుకుపోయినవాటిని, పాతినవాటిని వేరువేరు గడుల్లో వేయండి.